సముద్రతీరంలో బస: బ్లాక్‌పూల్ బోర్డింగ్ హౌస్‌ల సామాజిక చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఇంగ్లండ్‌లో సముద్రతీర విహారం సంపన్నుల నుంచి కార్మికులకు ఎలా చేరిందో వివరించగలుగుతారు.
• బోర్డింగ్ హౌస్, బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ పద్ధతుల మధ్య తేడాను, ఒకదాని నుంచి మరొకటి ఏర్పడిన తీరును తెలుపగలుగుతారు.
• ఇంటిపనినే జీవనాధారంగా మార్చుకున్న స్త్రీల శ్రమను చరిత్ర ఆధారాల్లో ఎక్కడ, ఎలా వెతకాలో చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

పారిశ్రామిక విప్లవాన్ని గురించిన పాఠాల్లో మీరు నూలు మిల్లులు, ఆవిరి యంత్రాలు, కార్మికుల పనిగంటల గురించి చదివారు. ఆ కార్మికులు మిల్లు మూసిన రోజుల్లో ఎక్కడికి వెళ్ళారు? రాత్రి ఎక్కడ పడుకున్నారు? వాళ్ళకు ఎవరు వండిపెట్టారు? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపించినా, వీటికి జవాబులు వెతికితే రైల్వేలు, చట్టాలు, స్త్రీల ఆస్తిహక్కు, వలసపాలన, వర్ణవివక్ష అన్నీ ఒకే ఇంటి గుమ్మంలో కలుస్తాయి.

ఇందుకు మనం ఎంచుకున్న ఊరు బ్లాక్‌పూల్. ఇది ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, ఐరిష్ సముద్రం ఒడ్డున, లాంకషైర్ ప్రాంతంలో ఉంది. ఇక్కడ యాత్రికులకు బస ఇచ్చిన ఇళ్ళను బోర్డింగ్ హౌస్‌లు అనేవారు. రాత్రి పడకకూ, పొద్దుటి ఫలహారానికీ కలిపి ఒకే ధర తీసుకునే ఇల్లు 'బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్'. రెండింటిలోనూ ముఖ్యమైన లక్షణం ఒకటే: యజమాని అదే ఇంట్లో ఉంటారు. ఎక్కువ సందర్భాల్లో ఆ యజమాని స్త్రీ. ఆమెను 'ల్యాండ్‌లేడీ' అంటారు.

మనకు పూటకూళ్ళ ఇల్లు తెలుసు. పూటకూళ్ళమ్మ గురించిన సామెతలూ తెలుసు. గురజాడ 'కన్యాశుల్కం'లో విజయనగరంలోని పూటకూళ్ళమ్మను పాఠకులు ఎక్కువగా ఆమె చీపురుకట్టతోనే గుర్తుపెట్టుకుంటారు. ఆమె రోజూ ఎంతమందికి వండిందో, ఎంత మిగిలిందో ఎవరూ అడగరు. బ్లాక్‌పూల్ ల్యాండ్‌లేడీ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఈ పోలికను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

2. వైద్యం నుంచి విహారానికి

సముద్రస్నానం మొదట వినోదం కాదు, చికిత్స. యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరో 17వ శతాబ్దంలోనే ఖనిజజలపు ఊటకు పేరుపొందింది. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు గ్రంథివ్యాధులకు సముద్రజలం మంచి మందని లాటిన్‌లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ తరవాత దక్షిణ తీరంలోని బ్రైటన్‌కు సంపన్నుల రాక పెరిగింది. సొంత బండి, తీరిక, డబ్బు ఉన్నవారే అప్పట్లో సముద్రం చూడగలిగేవారు.

రైలు ఈ పరిస్థితిని మార్చింది. 1840లో ప్రెస్టన్ నుంచి ఫ్లీట్‌వుడ్‌కు రైలుమార్గం వచ్చింది. 1846లో దాని శాఖ బ్లాక్‌పూల్‌కు చేరింది. దాంతో నూలు మిల్లుల పట్టణాలైన బోల్టన్, బర్న్‌లీ, ఓల్డ్‌హామ్, బ్లాక్‌బర్న్ వాసులకు సముద్రం కొద్ది గంటల ప్రయాణదూరంలోకి వచ్చింది. 19వ శతాబ్దం మధ్యలో రెండు మూడు వేల జనాభా ఉన్న ఈ ఊరు 1901 నాటికి సుమారు 47 వేల జనాభా గల పట్టణమైంది. 1863, 1868, 1893లలో సముద్రంలోకి మూడు వినోద వంతెనలు కట్టారు. 1878లో వింటర్ గార్డెన్స్, 1885లో విద్యుత్ ట్రామ్, 1894లో 518 అడుగుల ఎత్తైన బ్లాక్‌పూల్ టవర్ ప్రారంభమయ్యాయి.

రైలు మాత్రమే చాలదు, తీరిక కూడా కావాలి. 1871 బ్యాంకు సెలవుల చట్టం ఆగస్టు మొదటి సోమవారంతో సహా కొన్ని సెలవుదినాలను ఏర్పరచింది. అంతకన్నా ముఖ్యమైనది లాంకషైర్‌లో పాతకాలం నుంచీ ఉన్న 'వేక్స్' ఆచారం. వేక్స్ మొదట చర్చి పేరిట జరిగే ఊరి ఉత్సవాలు, ఒకరకంగా మన తిరునాళ్ళ వంటివి. మిల్లులు వచ్చాక ఈ ఉత్సవాలే ఊరంతటికీ సెలవు వారంగా మారాయి. ఆ వారం ఆ ఊరి మిల్లులన్నీ ఒకేసారి ఆగేవి. యంత్రాల మరమ్మతులు చేసుకోవడానికి అది యజమానులకూ వీలుగా ఉండేది.

ఒక్కో ఊరి వేక్స్ ఒక్కో వారంలో వచ్చేవి. ఈ వారం ఒక ఊరు బ్లాక్‌పూల్‌కు వస్తే, వచ్చే వారం మరో ఊరు వచ్చేది. అందరూ ఒకేసారి రాకపోవడం వల్ల వేసవి పొడవునా గదులు నిండేవి. చిన్న ఇంటిని నమ్ముకున్న స్త్రీకి ఈ వరస చాలా అవసరం.

సెలవు వారానికి కూలి ఉండేది కాదన్న సంగతి గుర్తుంచుకోండి. అందుకని కార్మికులు ఏడాది పొడవునా వారం వారం పొదుపు సంఘాల్లో కొంత సొమ్ము దాచుకునేవారు. సెలవుల ముందు ఆ సొమ్ము పంచుకొని రైలెక్కేవారు. లాంకషైర్ నూలు మిల్లుల్లో స్త్రీలు కూడా పెద్దసంఖ్యలో పనిచేసేవారు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు సంపాదించడం వల్లే అలాంటి పొదుపు సాధ్యమైంది.

3. మన మార్కెట్టు, వారి సెలవు

ఈ పొదుపు వెనుక మరో మూలం ఉంది. 1913లో బ్రిటన్ సుమారు 700 కోట్ల గజాల నూలు వస్త్రం ఎగుమతి చేసింది. అందులో సుమారు 300 కోట్ల గజాలు భారతదేశానికే వచ్చాయి. కోరమండల్ తీరంలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి ఒకప్పుడు వస్త్రాలు ఐరోపాకు వెళ్ళేవి. 19వ శతాబ్దంలో ఆ దారి తిరగబడింది. మిల్లు బట్ట మన సంతల్లోకి వచ్చింది. ఎందరో చేనేత కుటుంబీకుల బతుకుతెరువు దెబ్బతింది.

దీన్నిబట్టి లాంకషైర్ కార్మికుడు మన నేతగాడి శత్రువని మీరు అనుకోనవసరం లేదు. ఆ కార్మికుడు కూడా కూలివాడే. అయితే ఒకరి తీరికకు మరొకరి నష్టంతో సంబంధం ఉండవచ్చని చరిత్ర విద్యార్థి గమనించాలి. 1931 సెప్టెంబరులో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్‌కు వెళ్ళి, పని కోల్పోయిన మిల్లు కార్మికులను కలిశారు. విదేశీ వస్త్ర బహిష్కరణ గురించి వారితో స్వయంగా మాట్లాడారు.

మిల్లులు దెబ్బతిన్నా 1930లలో బ్లాక్‌పూల్ నిలదొక్కుకుంది. ఇంగ్లండ్ మధ్యప్రాంతాల నుంచి, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి కూడా యాత్రికులు రావడం ఇందుకు ఒక కారణం. 1912లో మొదలైన విద్యుద్దీపాల ప్రదర్శన మరో కారణం. యుద్ధంతో ఆగిపోయి 1925లో మళ్ళీ మొదలైన ఈ ప్రదర్శన వేసవి ముగిశాక కూడా జనాన్ని రప్పించేది.

4. ఇంటి లోపల: 'అపార్ట్‌మెంట్స్' పద్ధతి

19వ శతాబ్దం చివర మీరు ఒక నేతకార్మికుడి కుటుంబంతో బ్లాక్‌పూల్ రైల్వే స్టేషనులో దిగారనుకోండి. స్టేషను దగ్గరి వీధుల్లో గోడలు కలిసిన ఇళ్ళు వరసగా ఉంటాయి. వీధివైపు ముందుకు పొడుచుకువచ్చిన కిటికీ వాటికి గుర్తు. మీరు తెలిసిన ఇంటికే వెళతారు. ఆ ల్యాండ్‌లేడీ మీ ఊరి మనిషో, మీ పొరుగువారి బంధువో అయ్యే అవకాశం ఎక్కువ. నిరుడు ఉన్న గదే ఈ ఏడూ దొరుకుతుంది. మీ వీధివాళ్ళే పక్కగదిలో ఉంటారు.

అప్పటి పద్ధతిని 'అపార్ట్‌మెంట్స్' అనేవారు. నేటి అపార్ట్‌మెంటుకూ దీనికీ సంబంధం లేదు. మీరు అద్దె ఇచ్చేది పడకకు. తిండి సరుకులు మీరే కొని తెచ్చి ల్యాండ్‌లేడీకి ఇస్తారు, ఆమె వండిపెడుతుంది. ఇంట్లో అయిదు కుటుంబాలుంటే అయిదు కుటుంబాల మాంసం, రొట్టె, టీ పొడి వేరువేరుగా పెట్టాలి. ఎవరిది వారికే వండాలి. అన్నీ దాదాపు ఒకే వేళకు వడ్డించాలి. ఉన్నది ఒక్క పొయ్యి. ఇంటిపని తెలిసిన వారికి ఇది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పు, మిరియాలు, వెనిగర్ సీసాల వాడకానికి, వేడినీళ్ళకు కొందరు విడిగా ధర కట్టేవారు. సీసాల ధర గురించి లెక్కలేనన్ని హాస్యోక్తులు పుట్టాయి. కాని సరుకులు యాత్రికులవే అయినప్పుడు ల్యాండ్‌లేడీకి వంటమీద లాభమే ఉండదు. నెలల తరబడి ఉప్పూ మిరియాలూ ఆమె చేతి సొమ్ముతో పెడితే మిగిలేది తక్కువ. ఈ చిల్లర ధరలు పిసినారితనానికి గుర్తా, శ్రమకు ధర కట్టే ప్రయత్నమా అన్నది మీరు ఆలోచించండి.

ఫలహారం కాగానే బయటికి వెళ్ళాలనీ, రాత్రి తలుపు వేసే వేళకు తిరిగి రావాలనీ ఉండే నియమాల మీద కూడా ఎగతాళి ఎక్కువే. పక్కలు సర్దడం, కుండలు ఖాళీ చేయడం, మెట్లు తుడవడం, మధ్యాహ్నం వంట, అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే జరగాలి. జనం గదుల్లో ఉంటే అవి జరగవు.

వేసవి రద్దీలో ల్యాండ్‌లేడీ కుటుంబం తమ గదులు కూడా అద్దెకిచ్చి వంటింట్లోనో, అటకమీదో పడుకునేది. ఆడపిల్లలు తల్లికి సాయం చేసేవారు. భర్త ఉంటే అతనికి వేరే పని ఉండేది. ఈ నాలుగు నెలల సంపాదనే శీతకాలానికి ఆధారం.

5. ల్యాండ్‌లేడీలు ఎవరు?

వితంతువులు, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు, మిల్లుపని మానుకొని దాచుకున్న సొమ్ముతో వచ్చినవారు వీరిలో ఉన్నారు. భర్త సంపాదన చాలక గదులు అద్దెకిచ్చిన గృహిణులూ ఉన్నారు. అప్పటి సమాజం మధ్యవయసు స్త్రీకి గౌరవంగా బతికే దారులు ఎక్కువ చూపలేదు. ఇల్లు నడపడం ఆమెకు ఎలాగూ తెలుసు, దానికే ధర కట్టుకుంది. 1882 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం పెళ్ళయిన స్త్రీకి తన పేరిట ఆస్తి ఉంచుకొనే హక్కునిచ్చింది.

అయితే ఇది పూర్తి స్వేచ్ఛ కాదు. ఎందరో అద్దె ఇంట్లోనే వ్యాపారం చేసేవారు. వానలు ఎక్కువైనా, మిల్లుల్లో సమ్మె జరిగినా గదులు ఖాళీగా ఉండేవి, ఇంటి అద్దె మాత్రం కట్టక తప్పేది కాదు.

6. ఆధారాలను ఎలా చదవాలి?

ఈ స్త్రీల గురించి తెలుసుకోవడానికి మనకున్న ఆధారాలు ఏవి?

మొదటిది జనాభా లెక్కలు. 1851 నుంచి 1911 వరకు ఇంగ్లండ్‌లో ఈ లెక్కలు మార్చి చివర గాని, ఏప్రిల్ మొదట గాని జరిగాయి. అప్పటికి యాత్రికుల కాలం మొదలుకాదు. వేసవిలో మాత్రమే గదులు అద్దెకిచ్చే గృహిణి వృత్తి గడి ఖాళీగా ఉండిపోయే అవకాశం ఎక్కువ. 1921 లెక్కలు సమ్మె భయంవల్ల ఏప్రిల్ నుంచి జూన్ 19కి వాయిదా పడ్డాయి. ఆనాటికి సముద్రతీర పట్టణాల్లో యాత్రికులున్నారు. కాబట్టి 1921 అంకెలను ముందటి అంకెలతో నేరుగా పోల్చి ఊరు అంతగా పెరిగిందని రాస్తే పొరపాటవుతుంది. అంకె ఏ నెలలో సేకరించిందో చూడటం చరిత్రకారుడి ప్రాథమిక బాధ్యత.

రెండవది హాస్య పోస్టుకార్డులు, మ్యూజిక్ హాల్ వేదికల పరిహాసాలు. వీటిలో ల్యాండ్‌లేడీ లావుగా, గయ్యాళిగా, పిసినారిగా కనిపిస్తుంది. ఇవి ఆమె ఎలా ఉండేదో చెప్పవు, ఆమెను చూసి ఎవరు ఎందుకు నవ్వారో చెబుతాయి. ఏడాదంతా మిల్లు మేస్త్రీ గంటకు లోబడిన కార్మికుడు, సెలవులో కూడా ఒక స్త్రీ పెట్టిన నియమానికి లోబడవలసి వచ్చింది. ఆ ఇబ్బందే నవ్వుగా మారి ఉండవచ్చు.

మూడవది ప్రత్యక్ష పరిశీలన. 1937 నుంచి 'మాస్ అబ్జర్వేషన్' అనే బృందం బోల్టన్ కార్మికుల జీవితాన్ని పరిశీలించి, సెలవుల్లో వారి వెంట బ్లాక్‌పూల్‌కు కూడా వెళ్ళింది. ఈ వివరాలు విలువైనవి, కాని ఇవి చాలావరకు యాత్రికుల వైపు నుంచి చూసినవి.

1978లో జాన్ కె. వాల్టన్ అనే చరిత్రకారుడు బ్లాక్‌పూల్ ల్యాండ్‌లేడీపైనే ఒక సామాజిక చరిత్ర గ్రంథం ప్రచురించాడు. అప్పటిదాకా హాస్యానికే పరిమితమైన మనిషి పరిశోధనాంశమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. వేక్స్ వారాలు వేరువేరుగా రావడం ల్యాండ్‌లేడీలకు ఎలా ఉపయోగపడింది?
2. 'అపార్ట్‌మెంట్స్' పద్ధతిలో తిండి ఏర్పాటు ఎలా ఉండేది?

7. యుద్ధం, తరవాతి మార్పులు

1938 వేతన సెలవుల చట్టం కూలి నష్టపోకుండా సెలవు పొందే మార్గాన్ని సుగమం చేసింది. అది అందరికీ వెంటనే సెలవు ఇవ్వలేదు, వేతన మండళ్ళకు అలాంటి సెలవు నిర్ణయించే అధికారం ఇచ్చింది. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. వైమానిక దళంలో చేరిన యువకులు లక్షల సంఖ్యలో బ్లాక్‌పూల్‌లో ప్రాథమిక శిక్షణ పొందారు. వారి బస బోర్డింగ్ హౌస్‌లలోనే. ప్రభుత్వం తలకు ఇంతని ల్యాండ్‌లేడీలకు చెల్లించింది. నిన్నటిదాకా పరిహాసానికి గురైన ఇళ్ళు సైన్యానికి బారకాసులయ్యాయి.

1954లో ముగిసిన రేషన్ కాలంలో, కొన్ని రోజులుండే యాత్రికులు తమ రేషన్ పుస్తకాలను ల్యాండ్‌లేడీకి అప్పగించవలసి ఉండేది. అందరి సరుకూ ఆమే కొని, అందరికీ ఒకే వంట చేసే పద్ధతి ఈ కాలంలో స్థిరపడింది. 'అపార్ట్‌మెంట్స్' కనుమరుగైంది. తరవాత సొంత కార్లు వచ్చాయి. ఒకేచోట వారం గడిపే బదులు, రెండు రాత్రులుండి మరో ఊరికి వెళ్ళడం మొదలైంది. మూడుపూటల భోజనం అవసరం తగ్గింది. పడకా, పొద్దుటి ఫలహారమూ చాలు అన్నవారు పెరిగారు. ఈ విధంగా బోర్డింగ్ హౌస్‌లు క్రమంగా బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లయ్యాయి.

1964లో బ్లాక్‌పూల్ సెంట్రల్ స్టేషను మూతపడింది. విమానంలో స్పెయిన్ వంటి ఎండ దేశాలకు తీసుకువెళ్ళే చవక విహారయాత్రలు వచ్చాయి. నూలు మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడటంతో వేక్స్ వారాలకు అర్థం లేకుండా పోయింది.

8. ఇల్లా? వ్యాపారమా?

ఈ ప్రశ్న చట్టాల్లో కూడా కనిపిస్తుంది. రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది వివక్ష. యుద్ధం తరవాత వెస్టిండీస్ నుంచి, భారత, పాకిస్తాన్‌ల నుంచి బ్రిటన్‌కు వలసవచ్చిన వారికి బస దొరకడం కష్టమయ్యేది. 1965 జాతి సంబంధాల చట్టం హోటళ్ళు, రెస్టారెంట్లు వంటి చోట్ల వర్ణవివక్షను నిషేధించింది. కాని ప్రైవేటు బోర్డింగ్ హౌస్‌లను మినహాయించింది. అది ఒకరి ఇల్లు, ఇంట్లోకి ఎవరిని రానివ్వాలో వారిష్టమన్నది ఆ మినహాయింపుకు ఆధారమైన ఆలోచన. గుమ్మం బయట నిలబడి, డబ్బు చేతిలో ఉండి, తలుపు తెరుచుకోని మనిషికి ఆ ఆలోచన ఏమి మిగిల్చింది? 1968 చట్టం గృహవసతికి, ఉద్యోగాలకు నిషేధాన్ని విస్తరించింది. యజమాని స్వయంగా నివసించే చిన్న ఇళ్ళకు అప్పుడు కూడా కొంత మినహాయింపు మిగిలింది. ఎగతాళికి గురైన స్త్రీ మరొకరిని తిరస్కరించగలిగిన స్థానంలో కూడా ఉండవచ్చు. ఆమె శ్రమను గౌరవించడమంటే ఈ విషయాన్ని దాచడం కాదు.

రెండవది భద్రత. 1971 అగ్నిప్రమాద నివారణ చట్టం కింద ఆరుగురికి మించి నిద్రించే బస ఇళ్ళకు ధ్రువపత్రం తప్పనిసరి అయింది. మొదటి అంతస్తుకు పైన గాని, నేలమాళిగలో గాని పడకలున్నా అదే నియమం. అగ్నినిరోధక తలుపులు, అత్యవసర మెట్లు, హెచ్చరిక గంటలు పెట్టాలి. ప్రాణరక్షణకు ఇవి అవసరమే. అయినా నాలుగు గదుల ఇంటికి ఈ ఖర్చు భారమైంది. కొందరు పడకలు తగ్గించారు, కొందరు వ్యాపారం మానుకున్నారు.

మూతపడిన ఇళ్ళు ఎందరో తక్కువ ఆదాయం గలవారికి ఒంటిగది నివాసాలయ్యాయి. 2019లో ఇంగ్లండ్ ప్రభుత్వ సూచికలు బ్లాక్‌పూల్‌ను అత్యంత వెనుకబడిన స్థానిక పరిపాలనా ప్రాంతాల్లో మొదటి వరసలో చూపాయి. అయినా ఊరు యాత్రికులను పోగొట్టుకోలేదు. దీపాల ప్రదర్శన నేటికీ జరుగుతోంది. పాత వీధుల్లో బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

9. సారాంశం

సంపన్నుల చికిత్సగా మొదలైన సముద్రతీర విహారం రైలు, వేక్స్ ఆచారం, కార్మిక కుటుంబాల పొదుపు వల్ల సామాన్యులకు అందింది. ఆ పొదుపుకు వలస మార్కెట్టుతో సంబంధం ఉంది. లక్షలమంది విశ్రాంతి కొన్ని వేలమంది స్త్రీల విరామంలేని పనిమీద నిలిచింది. ఆ పని ఇంట్లోనే జరగడం వల్ల జనాభా లెక్కలు దాన్ని సరిగా నమోదు చేయలేదు, పోస్టుకార్డులు దాన్ని పరిహసించాయి. అదే ఇంటి పేరుతో కొందరికి తలుపు మూసిన సందర్భాలూ ఉన్నాయి. ఇకపై మీరు ఏ విహారస్థలం చరిత్ర చదివినా, ఎవరు వచ్చారన్న ప్రశ్నతోపాటు ఎవరు పక్కలు సర్దారు, ఎవరు వండారు, ఎవరిని లోపలికి రానివ్వలేదు అని కూడా అడగండి.

10. కీలక పదాలు

వేక్స్: లాంకషైర్ పట్టణాల్లో చర్చి ఉత్సవాల నుంచి ఏర్పడిన సెలవు వారం.
అపార్ట్‌మెంట్స్ పద్ధతి: యాత్రికులు సరుకులు తెస్తే ల్యాండ్‌లేడీ వండిపెట్టే ఏర్పాటు.
బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్: రాత్రి పడకకు, పొద్దుటి ఫలహారానికి కలిపి ధర నిర్ణయించే బస.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బ్లాక్‌పూల్ కార్మికుల విహారస్థలంగా ఎదగడానికి గల కారణాలను చర్చించండి.
2. ల్యాండ్‌లేడీల చరిత్ర రచనలో జనాభా లెక్కలు, పోస్టుకార్డుల పరిమితులను పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1965, 1968 జాతి సంబంధాల చట్టాలు బస ఇళ్ళను ఎలా పరిగణించాయి?
2. మీ ప్రాంతంలో యాత్రికులకు ఇంట్లోనే బస, భోజనం ఇచ్చేవారు ఉంటే, ఆ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారో తెలుసుకొని రాయండి.